బిందె ఉంచండి, చీటీ తీసేయండి

సాలార్‌జంగ్ మ్యూజియంలో గంట కొట్టే వేళకి సంగీత గడియారం ముందు జనం మూగుతారు. బుల్లి మనిషి బొమ్మ బయటికొస్తుంది, గంట కొడుతుంది, లోపలికి పోతుంది. ఆ జనంలో మేమూ ఉంటాం. రంజాన్ మర్నాడు పాతబస్తీ గల్లీల నుంచి పిల్లాపాపల్తో వచ్చే గుంపుల్లో, ఊళ్ళ నుంచి చుట్టపుచూపుగా వచ్చి ఆ గుంపుల వెంట నడిచేవాళ్ళలో. "చూడండి, ఇదంతా మనదే" అని మా ఖాలాలు, ఫుప్పులు చెప్పేవాళ్ళు. మేమూ చాన్నాళ్ళు ఆ మాటే మా పిల్లలకు చెప్పాం.

తర్వాత ఒకసారి పొద్దుట్నించి సాయంత్రం దాకా ఒకే పని పెట్టుకుని ఆ గదులన్నీ తిరిగాం. మా ఇళ్ళలో ఎన్నడన్నా ఉన్న వస్తువు ఇక్కడ ఏదన్నా ఉందా అని. పాన్‌దాన్ దొరికింది. అక్కడిది బిద్రీ పనిది. మా నానీమాది సత్తుది, సొట్టపోయి మూత సరిగ్గా పడేది కాదు. హుక్కా దొరికింది. మా తాత కాల్చింది బీడీ. ఇంకేం దొరకలేదు. కాళ్ళు నొప్పి పుట్టి బయటికొచ్చి మూసీ గోడ మీద కూచున్నాం.

ఆ మ్యూజియం మీద మాకు కోపం లేదు. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ 1949లో చనిపోయాడు. ఆయన పోగేసిన సరుకుని దివాన్ దేవ్‌డీలో సర్ది 1951 డిసెంబర్ 16న నెహ్రూతో తలుపులు తెరిపించారు. 1968లో ఇప్పటి భవనానికి మార్చారు. 43 వేల దాకా కళాఖండాలున్నాయని మ్యూజియం వాళ్ళ లెక్క. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన ముసుగు రెబెక్కా దగ్గర్నించి మొగలు పిడిబాకుల దాకా ఒక్క మనిషి ఇష్టాయిష్టాలవి. చూడదగ్గవే. మా తగాదా ఆ వస్తువులతో కాదు. ఆ గేటు దాటి బయటికొచ్చాక మా మీద పడే వాటి నీడతో. తెలుగు నేల మీద ముస్లిం అనగానే జనం మనసులో మెదిలే బొమ్మ ఆ గదుల్లోంచి వచ్చిందే. షేర్వాణీ, కత్తి, హుక్కా, ఝూమరు. "మీకేంది సాబ్, మీరు నవాబులు గదా" అని, మర్యాదగానో ఎగతాళిగానో, మమ్మల్ని అనని ఊరుందా? జొన్నగట్క తాగి సైకిల్ మీద పాత ఇనుము కొనడానికి బయల్దేరినోణ్ణి కూడా నవాబనే అంటారు. పంక్చర్లేసే పిల్లగాణ్ణీ నవాబనే అంటారు. రాజ్యం చేసినోళ్ళ వారసులమని ముద్ర కొట్టి, ఆ రాజ్యం చేసిన పాపాలన్నిటికీ మా దగ్గర వడ్డీ వసూలు చేస్తారు. ఆ రాజ్యంలోనూ మేం పంక్చర్లేసే బాపతే అంటే నమ్మరు. రుజువు చూపించమంటారు. రుజువు ఏ గ్యాలరీలో ఉంది?

పురానీ హవేలీలో నిజాం మ్యూజియం ఉంది, 2000లో తెరిచారు. ఏడో నిజాం రజతోత్సవానికి, 1937లో వచ్చిన కానుకలు అక్కడున్నాయి. వెండి భవనాల నమూనాలు, విన్నపాలు పెట్టిచ్చిన నగిషీ పేటికలు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ బట్టల అల్మరా కూడా అక్కడే ఉంది. దాని పొడవు 176 అడుగులు. ఆ పొడవు చెప్పగానే చూసేవాళ్ళు నోరెళ్ళబెడతారు. 176 అడుగుల బట్టల్ని కుట్టిన దర్జీలెవరు, ఉతికిన ధోబీలెవరు, మగ్గం పని చేస్తూ కళ్ళు పోగొట్టుకున్న కార్‌చోబీ వాళ్ళెవరు అని ఒక్క చీటీ అయినా కట్టాలని ఎవరికీ తోచదు. 2018లో అక్కణ్ణుంచి బంగారు టిఫిన్ డబ్బా దొంగతనం అయింది, వారం రోజుల్లో దొరికింది. పేపర్లు ఆ దొంగ గురించి కథలు కథలుగా రాశాయి. ఆ డబ్బాలో అన్నం సర్దిన చెయ్యి సంగతి మాత్రం దొంగకూ పట్టలేదు, పేపర్లకూ పట్టలేదు.

హైదరాబాద్ వదిలి జిల్లాలకు పోతే చిన్న మ్యూజియంలున్నాయి. నల్లగొండ పక్కన పానగల్లు, తుంగభద్ర ఒడ్డున అలంపూర్. ఎక్కువగా రాతి బొమ్మలు. విరిగిన నందులు, శాసనాలు. గుళ్ళ చుట్టూ దొరికినవాటిని కాపాడటానికి పుట్టిన మ్యూజియంలు కాబట్టి ఇంకోలా ఎట్లా ఉంటాయంటారు. ఒప్పుకుంటాం. అలంపూర్‌లో నవబ్రహ్మల గుళ్ళూ, మ్యూజియమూ, షా అలీ పహిల్వాన్ దర్గా అన్నీ అడుగుల దూరంలోనే ఉంటాయి. జోగుళాంబకు వచ్చినోళ్ళూ దర్గాకు వచ్చినోళ్ళూ ఒకే బస్సు దిగుతారు. బయట పక్కపక్కనే ఉన్నవి లోపల పెట్టే కథలోకి వచ్చేసరికి ఎందుకో విడిపోతాయి. ఇట్లాంటి చోట్ల మా గురించి మాట వచ్చేది ఒక్క సందర్భంలోనే. ముక్కు విరిగిన విగ్రహం దగ్గర గైడు ఆగి, "ఇది తురకలు కొట్టింది" అంటాడు. ఆ విగ్రహాన్ని ఎవరు ఎప్పుడు ఎందుకు విరగ్గొట్టారో అతనికీ తెలీదు. గుంపులో ఉన్న మేం చెప్పులవైపు చూసుకుంటాం. పేరు అడుగుతారేమోనని భయపడతాం. కళ చూడ్డానికి పోయి నేరస్తుల్లా తిరిగొచ్చే అనుభవం ఇంకెవరికన్నా ఉందా?

ఇందులో ఒక చిక్కుంది. నిజాయితీగా చెప్పుకోవాలి. రాయి మిగుల్తుంది. బంగారం దాచిపెడతారు కాబట్టి మిగుల్తుంది. దూది ఏకే విల్లు మిగలదు. దాని నారి తెగుతుంది, కట్టె పొయ్యిలోకి పోతుంది. తోలు మషక్ చీకిపోతుంది. బీడీల చాట పాతదైతే కోళ్ళ గంప మీద మూతవుతుంది. కష్టజీవుల సామాను చివరిదాకా వాడబడుతుంది. మ్యూజియానికి ఇవ్వడానికి ఏమీ మిగలకుండా వాడబడుతుంది. కాబట్టి తప్పంతా క్యూరేటర్లదే అనడం సులువు, పూర్తి నిజం కాదు. కానీ మిగిలినవాటిని కూడా ఎట్లా చూపిస్తున్నారన్నది వాళ్ళ పూచీయే.

మచిలీపట్నం కలంకారీ తీసుకోండి. టేకు అచ్చులు, కరక్కాయ నీళ్ళు, పాలు, ఎరుపు పట్టడానికి పటిక, నలుపుకి తుప్పు ఇనుమూ బెల్లమూ ఊరబెట్టిన కషాయం. ఆ బట్ట గోల్కొండ కాలంలో ఓడలెక్కి పర్షియా దాకా పోయింది. మిహ్రాబు నమూనా అద్దిన నమాజు బట్టలు పోయాయి. ఇప్పుడు ఏ ప్రదర్శనలో చూసినా ఆ బట్ట కింద ఉండే మాట ఒకటే: 'పర్షియన్ ప్రభావం'. ఈ ప్రభావం అనే మాటని మేం చాలాసేపు చూస్తూ నిలబడ్డాం. ప్రభావం అంటే ఏమిటి? సముద్రం మీంచి వీచిన గాలా? మనుషులు రాలేదా, అమ్మలేదా, కొనలేదా, ఇక్కడి ఆడవాళ్ళను పెళ్ళాడి ఇక్కడి మట్టిలో కలవలేదా? పెడన సందుల్లో అచ్చు వేసే చేతుల్లో అన్ని కులాలవీ ఉన్నాయి, మావీ ఉన్నాయి. మాకు సంబంధించింది బావుంటే అది 'ప్రభావం'. బావులేకపోతే అది 'దండయాత్ర'. మనుషులుగా మాత్రం ఎక్కడా రాం.

బిద్రీ కథ కూడా ఇదే. తుత్తునాగంలో కొద్దిగా రాగి కలిపి పోతపోసి, గీతలు చెక్కి, వెండి తీగ కూర్చి, బీదరు కోట మట్టీ నవాసాగరమూ కలిపిన నీళ్ళల్లో ఉడికిస్తే లోహం నల్లబడి వెండి మెరుస్తుంది. ఆ మట్టి మంచిదా కాదా అని పనివాడు నాలుక మీద వేసుకుని చూస్తాడు. గాజు పెట్టె ముందు నిలబడ్డవాళ్ళకి ఆ నాలుక సంగతి తెలిస్తే ఆ సురాయి ఇంకోలా కనిపించదా? చీటీ మీద ఊరు ఉంటుంది, శతాబ్దం ఉంటుంది. పేరుండదు. 2024లో హైదరాబాద్ లక్క గాజులకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషించాం. లాడ్ బజార్ వెనక ఇళ్ళలో నిప్పుల కుంపటి ముందు కూచుని లక్క సాగదీసి అద్దాలు అతికే ఆడవాళ్ళ వేళ్ళు ఎట్లా కాలి ఉంటాయో మాకు తెలుసు. ఆ గుర్తింపు పేరులోనే ఉంది, అది భూగోళానికి. వేళ్ళకి కాదు.

మేం చూసినవాటిల్లోకెల్లా మా గురించి కాస్త నిజం చెప్పిన జాబితా ఒక మ్యూజియంలో కాదు, ఒక చట్టంలో దొరికింది. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వెనకబడ్డ ముస్లిం తెగలకి బి.సి.-ఇ కింద నాలుగు శాతం రిజర్వేషన్ ఇస్తూ 14 సమూహాల పేర్లు అచ్చేసింది. అచ్చుకట్లవాళ్ళు. అత్తరు సాయిబులు. ధోబీ ముస్లింలు. ఫకీర్లు. గారడీ సాయిబులు, పాములవాళ్ళు. ఎలుగుబంటిని ఆడించే గుడ్డి ఎలుగువాళ్ళు. హజాములు. ఖురేషీ కసాయిలు. సిద్దీలు. రోళ్ళకూ తిరగళ్ళకూ కక్కు కొట్టే తురక కాశలు. ఆ కాగితం చదువుతుంటే మాకు ఒళ్ళు జలదరించింది. ఇదిగో, ఇదే మా గ్యాలరీ. ఒక్కో పేరు కింద ఒక్కో పనిముట్టు, ఒక్కో కేక, ఒక్కో నడక ఉంది. వాకిట్లో "రోలుకు కక్కూ..." అని కేకేస్తూ ఉలీ సుత్తీ సంచిలో వేసుకుని తిరిగినవాడు నున్నబడ్డ రోటిని గరుకు చేసిపోతేగానీ ఊళ్ళో ఏ కులం వాళ్ళ పచ్చడీ నలిగేది కాదు. ఆ చట్టాన్ని 2010లో హైకోర్టు కొట్టేసింది, సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు మీద అది బతికి ఉంది. మా గ్యాలరీకి కప్పు కూడా స్టే మీదే నిలబడి ఉందన్నమాట. నూర్‌బాషాలు, అంటే దూదేకులవాళ్ళు, ఆ జాబితాలో లేరు, అంతకుముందు నుంచే బి.సి.-బిలో ఉన్నారు. జాబితాలో కూడా మేం ఒకచోట లేం.

ఇంక మా సొంత ప్రదర్శనల సంగతి. అద్దం మనవైపు తిప్పుకోకుండా ఎదుటివాడి మీద రాళ్ళు వెయ్యడం మాకు ఇష్టం లేదు.

'ముస్లిం సంస్కృతి' పేరు మీద మావాళ్ళు పెట్టే బొమ్మల కొలువులు మేం చాలా చూశాం. కమ్యూనిటీ హాళ్ళలో, ఫంక్షన్ హాళ్ళలో, ఎప్పుడన్నా అదృష్టం బావుంటే అసలైన గ్యాలరీలో. ఏముంటాయి అక్కడ? బంగారు రంగులో ఖతాతీ ఫ్రేములు, ఖురాన్ ఆయతులు. చార్మినార్ ఫోటోలు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, వానలో ఒకటి. అత్తరు సీసాలు. చివర్న బిర్యానీ. ఖతాతీ గొప్ప కళే, మేం కాదనడం లేదు. కానీ మేం తెలుగులో కలలు కనే ముస్లింలం. మా అమ్మలు ఉర్దూ రాక నమాజు సూరాలు తెలుగు లిపిలో రాసుకుని కంఠస్థం చేశారు. మూలలు నలిగిపోయిన ఆ నోటుబుక్కు ఏ ఖతాతీ కన్నా తక్కువ? దాన్ని ఫ్రేము కట్టి పెడదామంటే మావాళ్ళకే నామోషీ. సయ్యదుల ఇంటి షజరా గోడకెక్కుతుంది, ఫకీరు కిష్తీ ఎక్కదు. నవాబుల మ్యూజియాన్ని ఎవరో మా మీద రుద్దారని ఏడుస్తూ, అవకాశం రాగానే మేమే ఇంకో చిన్న నవాబు మ్యూజియం కట్టుకుంటున్నాం. పెద్దది దొరకనివాడు గిల్టు నగ పెట్టుకున్నట్టు.

భయం కూడా ఉంది, అదీ చెప్పాలి. 1996లో అహ్మదాబాద్‌లో హుస్సేన్ బొమ్మల్ని గ్యాలరీలో చొరబడి నాశనం చేశారు. ఆయన 2010లో కతర్ పౌరసత్వం తీసుకుని 2011 జూన్‌లో లండన్‌లో చనిపోయాడు. అంత పేరున్న మనిషికే ఆ గతి పట్టాక, ఊళ్ళో ఒక షేక్ మస్తానో పఠాన్ బీబీనో తన మనసులోది బొమ్మగా వేసి గోడకు తగిలించాలంటే చెయ్యి వణకదా? అటు వాళ్ళు, ఇటు ప్రాణుల బొమ్మ హరామంటూ మావాళ్ళు. మధ్యలో మిగిలింది పూలూ తీగెలూ చార్మినారూ. చార్మినార్ ఎవరినీ ఏమీ అనదు.

ఇన్ని మాటలు అన్నాం గనక మేం చేసిన పనీ, అందులో మా తప్పులూ చెప్పుకోవాలి.

2014లో, ఒక జిల్లా కేంద్రంలో ఒక చిన్న ప్రదర్శనశాలని మూడు రోజులు అడిగి తీసుకున్నాం. ముగ్గురం నలుగురం ఊళ్ళమ్మట తిరిగి సామాను పోగేశాం. రెండు నెలలు పట్టింది. ఇచ్చేవాళ్ళకి మొదట అర్థం కాలేదు. "గిదేం బొమ్మ బిడ్డా, గిది తట్ట" అన్నారు. బీడీల చాట, కత్తెర, తునికాకు కోసే రేకు నమూనా. ఇత్తడి బద్నా. పాత చీరలతో కుట్టిన అతుకుల బొంతలు. కసాయి కత్తి, అది పట్టుకుని బస్సెక్కితే పోలీసులు ఆపుతారని గోనెసంచిలో చుట్టి ఆటోలో తెచ్చాం. పెళ్ళిలో పాడే ఢోలక్. ఒక రోలు, దాని పక్కన కక్కు కొట్టే ఉలి. దూదేకుల విల్లు ఒకటి, అది దొరకడానికే మూడు మండలాలు తిరిగాం.

మొదటి తప్పు బొంతల దగ్గర జరిగింది. తెచ్చినవాళ్ళు మగవాళ్ళు కాబట్టి 'ఫలానా సాయిబు గారి ఇంటి బొంత' అని చీటీలు రాశాం. మాలో ఉన్న ఆడపిల్లలు చూసి, "సాయిబు సూది పట్టాడా?" అని అడిగారు. మాకు జవాబు లేదు. వాళ్ళే మళ్ళీ ఊళ్ళకు ఫోన్లు చేసి కుట్టిన వాళ్ళ పేర్లు కనుక్కుని చీటీలు మార్చారు. రెండు బొంతలకు పేరు తెలీలేదు. కుట్టినామె చనిపోయింది, ఇంట్లోవాళ్ళకు ఆమె 'నానీ' అని మాత్రమే తెలుసు. చీటీ మీద నానీ అనే రాశాం. మ్యూజియం చీటీల్లో చేసినవాడి పేరు ఉండదని రంకెలేసిన మేమే, మా అవ్వల పేర్లు తెలుసుకోకుండా పెరిగాం.

రెండో తప్పు విల్లు దగ్గర. గోడకు మేకు కొట్టి ఘనంగా తగిలించాం. విల్లు ఇచ్చిన నూర్‌బాషా పెద్దాయన మొదటిరోజే వచ్చాడు, చాలాసేపు చూశాడు. "తలకిందులు కట్టారు నాయనా" అన్నాడు. దించి, నారి సరిచేసి, గూటంతో ఒక్క దెబ్బ మీటి చూసి మళ్ళీ తనే తగిలించాడు. తర్వాత అసలు మాట అన్నాడు. "మీరు పైన 'ముస్లింల పనిముట్లు' అని బోర్డు పెట్టారు. మంచిదే. మా పిల్లకి సంబంధం అడగడానికి పోతే దూదేకులోళ్ళమని గడప దగ్గరే కూచోబెట్టారు మీవాళ్ళు. అప్పుడు లేని ముస్లింతనం విల్లుకి ఇప్పుడెట్లా వచ్చింది?" మేం చాయ్ తెప్పించాం. చాయ్ తెప్పించడం తప్ప చెయ్యగలిగింది ఏమీ లేదు ఆ క్షణాన. బోర్డు మార్చలేదు. మార్చి ఏం రాయాలో ఇవాళ్టికీ మాకు తేలలేదు.

పీరు దగ్గర తగువు రెండు వైపుల నుంచీ వచ్చింది. మొహర్రంలో ఎత్తే పీరుని ఒక ఊరి నుంచి అడిగితే, చావిడి నుంచి దించేది లేదన్నారు ఊరివాళ్ళు, అందులో ఎక్కువమంది హిందువులే. ఇటు మావాళ్ళలో కొందరు యువకులు, జమాతుల్లో తిరిగేవాళ్ళు, పీరుని పెడితే మేం రాం, అది షిర్క్ అన్నారు. చివరికి పెట్టలేదు. ఊరివాళ్ళు చెప్పిందే సరైందని తర్వాత అనిపించింది. బాద్‌షాహీ ఆషూర్‌ఖానాలో 1611 నాటి ఎనామెల్ పలకలున్నాయి. 1908 మూసీ వరదలో కింది వరసలు పాడయ్యాయి, పోయినచోట రంగులు వేశారు. దాన్ని కళగా చూసేవాళ్ళు పలకల్ని చూస్తారు. మొహర్రం పది రోజులు వచ్చేవాళ్ళు అదే పలకల ముందు ఆలం నిలబెట్టి ఏడుస్తారు. చూడ్డానికీ ఏడవడానికీ మధ్య అక్కడ గాజు లేదు. అనంతపురం జిల్లా గూగూడులో కుళ్ళాయిస్వామి పీరు ముందు కులంతో పనిలేకుండా జనం నిప్పుల గుండం చుట్టూ చేరతారు. తెలుగు కవి అఫ్సర్ దాని మీద 2013లో ఇంగ్లీషులో ఒక పుస్తకమే రాశాడు. అట్లాంటి పీరుని తెచ్చి ట్యూబులైటు కింద పెట్టి, పక్కన 'లోహం, రేకు పని' అని చీటీ కడితే అది పీరూ కాదు, కళా కాదు. అన్నీ ప్రదర్శించి తీరాలన్న ఆశ కూడా ఒకరకం నవాబీయే. ఈ ఒక్క విషయంలో మాత్రం మాలో ఇంకా ఏకాభిప్రాయం లేదు. పీరుని గదిలోకి తేకపోతే, పీర్ల పండగని మరిచిపోతున్న పిల్లలకు చూపించేదెట్లా అని మాలో ఒకరు ఇప్పటికీ అడుగుతుంటారు.

అసలు సంగతి రాగి బిందె.

మెదక్ జిల్లా పడమటి అంచు ఊరి నుంచి ఒక పెద్దమ్మ ఇచ్చిన బిందె అది. 1948 సెప్టెంబర్‌లో పోలీస్ యాక్షన్ అయ్యాక వాళ్ళ కుటుంబం రాత్రికి రాత్రి ఊరొదిలి పోతూ గిన్నెలన్నీ బావిలో వేసింది. తిరిగొచ్చి తీసుకుంటే బిందె ఒక్కటే దొరికింది. తిరిగొచ్చినవాళ్ళు కూడా పోయినంతమంది లేరు. ఆ రోజులమీద సుందర్‌లాల్ కమిటీ రాసిన నివేదికని అరవయ్యేళ్ళకు పైగా తొక్కిపెట్టి ఉంచి, 2013లో గానీ జనం చదివే వీలు కల్పించలేదు. సంస్థానం మొత్తమ్మీద 27 వేల నుంచి 40 వేల దాకా చనిపోయి ఉంటారని అందులో అంచనా వేశారు. రజాకార్ల దుర్మార్గం మీద మేం ఎన్నడూ కప్పు వెయ్యలేదు, వాళ్ళు చంపినవాళ్ళలో షోయబుల్లా ఖాన్ ఉన్నాడని కూడా మర్చిపోలేదు. కానీ రజాకార్ల పేరు చెప్పి పారిపోయిన ధోబీనీ దర్జీనీ లెక్కలోంచి తీసేస్తే ఊరుకోవాలా? బిందె పక్కన ఈ సంగతంతా ఎనిమిది లైన్లలో రాసి పెట్టాం. ఎవరినీ తిట్టలేదు.

రెండో రోజు పొద్దున హాలు చూసుకునే పెద్దమనిషి వచ్చాడు. మంచివాడే, అద్దె కూడా తగ్గించాడు. గొంతు తగ్గించి అన్నాడు: "బిందె ఉంచండి, చీటీ తీసేయండి. ఎవరన్నా చూస్తే మీకూ కష్టం, నాకూ కష్టం."

మేం గంటసేపు కొట్లాడుకున్నాం. అతనితో కాదు, మాలో మేం. మొత్తం మూసేసి పోదామన్నారు కొందరు. విల్లు తాత, బొంతలు కుట్టినోళ్ళు, వాళ్ళ చుట్టాలు ఆ రోజు బస్సుల్లో వస్తున్నారు, మూసేస్తే వాళ్ళ ముఖాలు ఎట్లా చూస్తామన్నారు కొందరు. చివరికి చీటీ తీశాం. దాని చోట ఇంకోటి రాసి పెట్టాం. 'రాగి బిందె. 20వ శతాబ్దం.' రాసింది మేమే. మా చేతి రాతే. ఏ మ్యూజియంలోనైనా అతికినట్టు సరిపోయే చీటీ. పేరు లేదు, బావి లేదు, రాత్రి లేదు.

ఆ రెండు రోజులూ జనం బాగానే వచ్చారు. బడిపిల్లలు రోలు చుట్టూ చేరి ఉలితో టకటకలాడించారు. పుస్తకంలో అభిప్రాయాలు రాశారు. "బాగుంది" అని చాలామంది, "ఇట్లాంటివి ఇంకా జరగాలి" అని కొంతమంది. చదువుకున్న పెద్దాయన ఒకరు, మమ్మల్ని మెచ్చుకోవాలని నిజంగానే అనుకుని, "మీరు తెలుగు చాలా బాగా మాట్లాడుతున్నారు" అని రాసి సంతకం పెట్టాడు. ఆ పేజీ దగ్గర మేం పుస్తకం మూసి కాసేపు బయట తిరిగొచ్చాం.

మూడో రోజు సాయంత్రం బిందె ఇచ్చిన పెద్దమ్మ వచ్చింది, మనవడి స్కూటర్ మీద. ఆమెకు చదువు రాదు. తన బిందె ముందు నిలబడి, బిందెని తాకి చూసుకుని, "ఏం రాసిన్రు బిడ్డా, చదువు" అంది. మాలో ఒకరం చీటీ వైపు చూశాం. చీటీ మీద ఉన్నది చదవలేదు. తీసేసిన ఎనిమిది లైన్లు గుర్తున్నమేరకు చెప్పాం. ఆమె తలాడిస్తూ వింది. బావి దగ్గరికి వచ్చేసరికి ఆపింది. "మూడు నెల్లు గాదు, అయిదు నెల్లు. సంక్రాంతి దాటినంక వచ్చినం. బావిల దిగింది మా నాయిన గాదు, గొల్ల ఎల్లయ్య. గది రాయలే మీరు" అంది.

రాయలేదు. మొదటి చీటీలోనూ లేదది.